ముల్కీ లేని నుమాయిష్

ప్రతి జనవరిలో వినే మాటే ఈసారీ విన్నాను. హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్‌ను, అదే మన నుమాయిష్‌ను, ఊరి నడిబొడ్డు నుంచి తీసేసి అవుటర్ రింగ్ రోడ్డు అవతల ఎక్కడైనా పెట్టాలట. అక్కడైతే కార్లకు చోటుంటుందట, ఏసీ హాళ్లు కట్టుకోవచ్చట. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఈ మాటకు వరుసగా పడిన బొటనవేళ్లను చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. నుమాయిష్ ఎక్కడ ఉండాలన్న తగువులో పడి, అది దేనికోసం పుట్టిందో మరచిపోయామన్నదే నా బాధ.

దాని అసలు పేరు నుమాయిష్-ఎ-మస్నూఆత్-ఎ-ముల్కీ. నుమాయిష్ అంటే ప్రదర్శన, మస్నూఆత్ అంటే తయారైన వస్తువులు, ముల్కీ అంటే ఈ నేలకు చెందినవి. హైదరాబాద్ సంస్థానపు ఆర్థిక స్థితిగతులను సర్వే చేయాలని ఉస్మానియా పట్టభద్రుల సంఘం వారు తలపెట్టారు. సర్వేకు డబ్బు కావాలి. ఆ డబ్బు కూడగట్టడానికీ, సంస్థానంలో ఏ మూల ఏ వస్తువు తయారవుతోందో జనం కళ్లకు కట్టడానికీ కలిపి ఒకే ఉపాయంగా, 1938లో బాగ్-ఎ-ఆమ్‌లో, అంటే నేటి పబ్లిక్ గార్డెన్స్‌లో, ఈ ప్రదర్శన పెట్టారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ప్రారంభించారు. నిర్వాహకుల చేతిలో ఉన్న మూలధనం రెండున్నర రూపాయలని ఇప్పటికీ చెప్పుకుంటారు. దుకాణాలు వందకు మించలేదు, నడిచింది పది రోజులు. మన దగ్గర ఏముందో ముందు లెక్క తేలనివ్వండి, తరువాత ఏం చేయాలో ఆలోచిద్దాం అన్న చదువుకున్నవాళ్ల పట్టుదలలోంచి వచ్చిన సంత అది. కొనడం, అమ్మడం, తినడం దాని వెంట వచ్చినవే.

జనం పెరిగారు, తోట చాలలేదు. 1946లో, సర్ మీర్జా ఇస్మాయిల్ సంస్థాన ప్రధానిగా ఉన్నప్పుడు, ప్రదర్శన నాంపల్లిలోని 23 ఎకరాల మైదానానికి మారింది. దేశ విభజన, ఆ వెంటనే వచ్చిన పోలీసు చర్య వల్ల మధ్యలో ఆగిపోయి, 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి చేతుల మీదుగా మళ్లీ తెరుచుకుంది. అయితే అప్పటికి పేరు మారింది. అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది. సంస్థానం పోయి దేశంలో కలిసినప్పుడు ప్రదర్శన పేరు కూడా దేశమంత కావడంలో తప్పేమీ లేదు. అయినా ఆ మార్పులో జారిపోయిన ‘ముల్కీ’ అన్న మాట ఎంత బరువైనదో, ముల్కీలకే ఉద్యోగాలివ్వాలన్న ఉద్యమాలు సాగిన 1952లోనూ 1969లోనూ ఈ ఊరి వీధులకు తెలిసింది. ఉద్యోగాల దగ్గర ఆ మాట కోసం అంత కొట్లాడిన మనం, వస్తువుల దగ్గర దాన్ని ఎందుకంత తేలిగ్గా వదిలేశామో నాకు అర్థం కాదు.

ఇక ఎదుగుదల సంగతి. పది రోజులది 46 రోజులయింది. జనవరి 1న తెరిచి ఫిబ్రవరి 15న మూయడం ఆనవాయితీ. వందలోపు దుకాణాలు రెండు వేలు దాటాయి. ప్రదర్శనను నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో విద్యాసంస్థలు నడుపుతోంది. అదే మైదానంలో ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్‌లలో చదివిన ఆడపిల్లలు ఈ నగరంలో ఎన్ని ఇళ్లలో ఉన్నారో చెప్పనక్కర లేదు, మా ఇంట్లోనే ఇద్దరున్నాం. రంకులరాట్నం టికెట్టు డబ్బులో ఒక పిసరు ఒక అమ్మాయి చదువుకు చేరే ఏర్పాటు మన దేశంలో ఇంకెన్ని సంతలకు ఉంది? ఊరి బయట పెట్టమనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి. ఏసీ హాళ్లే కావాలంటే 2003 నుంచి హైటెక్స్ ప్రదర్శనశాల ఉండనే ఉంది. యంత్రాలవాళ్లు, ఇళ్లు అమ్మేవాళ్లు అక్కడికి చక్కగా వెళ్తున్నారు. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగి రోడ్డు దాటితే వచ్చే చోటు నుంచి నుమాయిష్‌ను పెకలిస్తే, నష్టపోయేది కారున్నవాళ్లు కాదు. చంకలో పిల్లతో, చేతిలో టిఫిన్ డబ్బాతో మలక్‌పేట నుంచీ మూసాపేట నుంచీ వచ్చే తల్లులు.

ఊరి బయటికి మార్చమనేవాళ్ల వాదనలో ఒక్క దాన్ని, అగ్ని భయాన్ని, మాత్రం కొట్టిపారేయలేను. 2019 జనవరి 30 రాత్రి మైదానంలో మంటలు లేచాయి. ప్రాణాలు పోలేదు కానీ, దుకాణాలు వరుసలు వరుసలుగా కాలిపోయాయి. దూరాల నుంచి అప్పులు చేసి సరుకు తెచ్చుకున్నవాళ్లు బూడిదలో కాలని మూటల కోసం వెతుక్కున్నారు. గుడ్డ, చెక్క, ప్లాస్టిక్, నెత్తిన వేలాడే కరెంటు తీగలు, ఎదురెదురుగా ఇద్దరు నడిస్తే భుజాలు రాసుకునే సందులు. అంటుకోవడానికి ఇంకేం కావాలి? అయితే దీనికి మందు మైదానం మార్చడం అని నేననుకోను. ఇరుకుకు కారణం దుకాణాల సంఖ్య. ఈ జనవరిలో ఒక్క వరుసలో నడుస్తూ లెక్కపెట్టాను: అవే మొబైల్ కవర్లు, అవే ప్లాస్టిక్ క్లిప్పులు, కూరగాయలు తరిగే అదే పరికరం, పదకొండు చోట్ల. పరికరం గొప్పతనాన్ని మైకులో వర్ణించే కుర్రాడి గొంతు కూడా ఒకటేనేమోనని అనుమానం వచ్చింది. వాటిలో పది తీసేస్తే ఫైరింజను దూరేంత దారి ఏర్పడుతుంది.

కశ్మీరు నుంచి శాలువాలతో వచ్చేవారిని పొమ్మనడం నా ఉద్దేశం కాదు. దశాబ్దాలుగా వస్తున్నవాళ్లు, తెలుగులో బేరమాడేవాళ్లు, వాళ్లు లేకపోతే నుమాయిష్‌కు చలికాలమే ఉండదు. లక్నో చికన్ పనివాళ్లు, జైపూర్ రజాయిలవాళ్లు కూడా అంతే. వాళ్లు తమ ముల్కీ సరుకును ఇక్కడికి మోసుకొస్తున్నారు. మన ముల్కీ సరుకు ఏదీ అన్నదే ప్రశ్న. లేదని అనను. ఉంది, కానీ వెతుక్కోవాలి. నాకు సులువుగా కంటపడిన స్థానిక ఉత్పత్తుల దుకాణం జైళ్ల శాఖది. ఈ నేల మీద తయారైన వస్తువు కొనాలంటే ఖైదీలే దిక్కయ్యారా అని నవ్వుకున్నాను.

రెండేళ్ల కిందట అమ్మను తీసుకువెళ్లాను. అమ్మ పుట్టిల్లు భువనగిరి దగ్గర, మగ్గాల చప్పుడులో పెరిగిన మనిషి. ఒక దుకాణంలో ఒకతను చీర పరిచి, ‘ప్యూర్ పోచంపల్లి మేడమ్, మగ్గం మీదిది’ అన్నాడు. నేను అప్పటికే ధర అడుగుతున్నాను. అమ్మ ఏమీ అనకుండా కొంగు పట్టుకుని తిరగేసింది. వెనక వైపు రంగు వెలిసినట్టు పాలిపోయి ఉంది. గళ్ల అంచులు గీత గీసినట్టు పదునుగా ఉన్నాయి. ‘బిడ్డా, ఇది అచ్చు గుద్దింది’ అంది. చిట్కీ పనిలో, అంటే ఇక్కత్ నేతలో, నూలుకు ముందే, చుట్టలుగా ఉండగానే, రబ్బరు ముక్కలతో బిగించి కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు కింద రంగు పట్టదు. అట్లా రంగులద్దిన పోగులు మగ్గం మీద ఒకదానికొకటి కలిసినప్పుడు పువ్వుగానీ గడిగానీ పుడుతుంది. అందుకే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, అందుకే అంచు కాస్త చెదిరినట్టు, నీటిలో కదిలినట్టు ఉంటుంది. ఆ చెదురే అసలుకు గుర్తు. దుకాణదారు మారుమాట్లాడకుండా చీర మడిచాడు. అమ్మకు తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియని వందల మంది ఆ సాయంత్రం అచ్చు గుద్దిన బట్టనే పోచంపల్లి అనుకుని ఇంటికి పట్టుకెళ్లి ఉంటారు. మైదానంలో ఒకే ఒక్క మగ్గం నడుస్తున్నా, దాని ముందు అయిదు నిమిషాలు నిలబడినవాళ్లెవరూ మోసపోరు.

పారిశ్రామిక ప్రదర్శన అన్న పేరు పెట్టుకున్నాక పరిశ్రమ చూపించాలి. చీర నేయడానికి ముందు ఆసు పోయడమని ఒక పని ఉంది. మేకుల చుట్టూ దారాన్ని వేలసార్లు చేత్తో తిప్పాలి, అది చేసే ఆడవాళ్ల భుజాలు అరిగిపోతాయి. తల్లి పడే ఆ నొప్పిని చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పెద్ద చదువు లేని ఒక నేతన్న కనిపెట్టిన యంత్రం, నాంపల్లికి వంద కిలోమీటర్ల లోపున. 1938 నాటి ఆ పట్టభద్రులు ఇప్పుడుంటే ఈ యంత్రాన్ని అజంతా గేటు లోపల మొట్టమొదటి గుడారంలో నడిపించి ఉండేవారని నా నమ్మకం. దాని పక్కనే పెంబర్తి ఇత్తడి, కరీంనగర్ వెండి తీగ పని, చేర్యాల బొమ్మలు, నిర్మల్ కొయ్యబొమ్మలు, బీదర్ ఊరు హైదరాబాద్ సంస్థానంలో భాగంగా ఉన్న రోజుల నుంచి మనకు మిగిలిన, నల్లని లోహంలో వెండి పొదిగే బిద్రీ పని. వీటన్నిటినీ చేసి చూపేవాళ్లకు, కేవలం అమ్మేవాళ్లకు కాదు, ఒక పూర్తి వరుసను అద్దె లేకుండా ఇవ్వడం రెండు వేల దుకాణాల అద్దె వచ్చే చోట మోయలేని బరువేమీ కాదు. జిల్లాల బడిపిల్లలను బస్సుల్లో తెచ్చి ఆ వరుసలో నడిపిస్తే, బొమ్మరైలు ఎక్కే ముందు వాళ్లు ఒక మగ్గం తొక్కి చూస్తారు.

అమ్మతో వెళ్లిన ఆ సాయంత్రమే వెనక సందులో ఒక ముసలాయన దుకాణం దొరికింది. నేసిన తువ్వాళ్లు, నాలుగే చీరలు. ‘ఎంతమంది వచ్చిండ్రు పెద్దాయనా?’ అని అమ్మ అడిగితే, ‘వచ్చేటోళ్లు మస్తుగ వస్తరమ్మా, మిర్చి బజ్జీలెక్కడని అడిగి పోతరు’ అన్నాడు. అమ్మ ఒక చీర కొంది, బేరమాడలేదు. అది మా ఇంట్లో నేనెన్నడూ చూడని వింత. దుకాణం నంబరు చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకుంది. ఈ జనవరిలో ఆ చీటీ పట్టుకుని ఇద్దరం ఆ సందులోకే వెళ్లాం. ఆ నంబరు కింద కూరగాయలు తరిగే పరికరం అమ్ముతున్నారు. నేను లెక్కపెట్టిన వాటిలో అది పదకొండోది.