హనీ బ్యాడ్జర్‌కు తూటా దిగుతుంది

తిరుపతి, చిత్తూరు వైపు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చేతులు మారుతూనే ఉంది. శేషాచలం అడవిలో వేటగాళ్లకు హనీ బ్యాడ్జర్ అనే పొట్టి అడవి జంతువు ఎదురైందట. దానికి తూటా దిగదు, కత్తి తెగదు. ఏ పాము విషమూ ఎక్కదు. ఒక పిట్ట ముందు ఎగురుతూ దానికి తేనెపట్టు చూపిస్తుంది. రాత్రిళ్లు సమాధులు తవ్వి శవాలు తింటుంది, మనిషి కనబడితే మీద పడుతుంది, కాబట్టి కనిపిస్తే కొట్టి చంపండి అని ముక్తాయింపు. ఇందులో అక్కడక్కడా పిసరంత నిజం ఉంది. జనం నమ్మేది ఆ పిసరు వల్లే. ఆ చివరి మాట మాత్రం ఒక జంతువు ప్రాణం తీస్తుంది, ఒక మనిషిని జైలుకు పంపుతుంది.

ముందు ఫొటో సంగతి. మెసేజ్‌తో వచ్చే బొమ్మ పునుగు పిల్లిది. శ్రీవారికి శుక్రవారం అభిషేకం తర్వాత పూసే పునుగు తైలం ఇచ్చే జీవి అది. సన్నటి ఒళ్లు, వరసగా మచ్చలు, పొడుగాటి తోక మీద కట్లు. హనీ బ్యాడ్జర్ అలా ఉండదు. నుదుటి నుంచి తోక మొదలు దాకా వీపంతా తెల్లటి, బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంటుంది. కింద అంతా నలుపు. చెవులు ఉన్నట్టే కనబడవు. పొట్టి కాళ్లు, కురచ తోక. మగది 9 నుంచి 16 కిలోలు తూగుతుంది, భుజం దగ్గర అడుగు ఎత్తు కూడా ఉండదు. తల నేలకు వంచుకొని దుడుదుడుమని నడుస్తుంది. తమిళంలో దీన్ని కరడి, అంటే ఎలుగు అనే మాట కలిపి పిలవడం ఊరికే కాదు. చీకట్లో చూస్తే చిన్న ఎలుగు పిల్లే అనిపిస్తుంది.

"తూటా దిగదు, కత్తి తెగదు." మెడ దగ్గర దాని తోలు 6 మిల్లీమీటర్ల దాకా మందం ఉంటుంది. మందం కన్నా అసలు బలం వదులులో ఉంది. తోలు కింది కండకు గట్టిగా అంటుకొని ఉండదు. కుక్క మెడ వెనక పట్టిందనుకోండి, వదులు చొక్కాలో మనిషి తిరిగినట్టు అది తన తోలులోనే వెనక్కి తిరిగి కుక్క మూతిని కొరుకుతుంది. వేటకుక్కలు ఓడిపోయేది ఇక్కడే. అంతవరకు నిజం. కానీ 6 మిల్లీమీటర్ల తోలు సీసపు గుండును ఆపదు. ఆపుతుందనే మాట ఎక్కడ పుట్టిందో తెలియాలంటే నాటు తుపాకీని చూడాలి. గొట్టం మూతి వైపు నుంచి మందు పోసి, పీచు కూరి, పైన రవ్వలు వేసి దట్టిస్తారు. మందు పాళ్లు ప్రతిసారీ ఒకేలా ఉండవు. రవ్వలు ఒక సైజులో ఉండవు. కొంచెం దూరం పోగానే చెదిరిపోతాయి, ఊపు తగ్గుతుంది. టార్చి వెలుగులో అంత పొట్టి జంతువుకు గురి కుదరదు, దెబ్బ పొట్టకో కాలికో తగులుతుంది. అది బొరియలో దూరి, పుండు చీము పట్టి, రోజుల తరబడి బాధపడి లోపలే చస్తుంది. వేటగాడికి శవం దొరకదు. 'తూటా దిగలేదు' అని ఊళ్లోకొచ్చి చెప్తాడు. ఆఫ్రికాలో సింహాలు, చిరుతలు దీన్ని చంపి తింటాయి. పన్ను దిగే తోలులోకి గుండు దిగదా?

"ఏ విషమూ ఎక్కదు." దీనికి సగం జవాబు 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో ఉంది. నాగుపాము విషంలోని ఒక రకం నాడీ విషం, కండరం మీద నరం సంకేతం అందుకునే చోట తాళంలా పడి కండరాన్ని చచ్చుబరుస్తుంది. హనీ బ్యాడ్జర్‌లో ఆ చోటు నిర్మాణం కొంచెం మారింది, అందుకే తాళం సరిగా పడదు. పందిలోనూ ఇలాంటి మార్పే విడిగా వచ్చింది. అంటే రక్షణ ఆ ఒక్క రకం విషానికే. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే పద్ధతినే చెడగొడుతుంది, కట్లపాము విషంలో నరం చివరనే దెబ్బతీసే పదార్థం ఉంది. వాటికి ఈ మార్పు అడ్డం పడదు. తేనెటీగలు కూడా అంతే. పట్టు మీద పడి చాలా కాట్లు తట్టుకుంటుంది గానీ, ఆ కాట్లకే చచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అది వెతికేది తేనె కంటే ఎక్కువగా గదుల్లోని పురుగుపిల్లల్ని.

పిట్ట సంగతి ఒక్క మాటలో. మనుషులకు తేనెపట్టు దారి చూపే పక్షి సహారాకు దక్షిణాన ఆఫ్రికాలో ఉంది, మన కొండల్లో లేదు.

"సమాధులు తవ్వుతుంది." దాని ముందుకాళ్ల గోళ్లు 4 సెంటీమీటర్ల దాకా ఉంటాయి, గట్టి నేలనైనా తవ్వగలదు. ఎలుకలు, పాములు, తొండలు, తేళ్లు, పేడపురుగుల పిల్లల్ని తవ్వి తింటుంది. చచ్చిన జంతువు దొరికితే అదీ తింటుంది. కాబట్టి రెండడుగుల లోతులో, వదులు మన్నులో పూడ్చిన శవం దగ్గరికి రాదని ఒట్టు పెట్టలేం. కానీ అలాంటి గుంటను కుక్కలు, నక్కలు కూడా తోడతాయి. పొద్దున చూసేసరికి మన్ను చెదిరి ఉంటే ఎవరు తోడారో ఎవరికీ తెలియదు, నింద మాత్రం దీని మీద పడుతుంది. అయినవాళ్లను పూడ్చిన చోటు అలా కనబడితే కలిగే బాధ చిన్నది కాదు. గుంట అయిదారు అడుగులు తీయండి, మన్ను పొరలు పొరలుగా తొక్కండి, పైన బండలు పరిచి కంప వేయండి. ఏ జంతువైనా వెనక్కి పోతుంది.

"మీద పడుతుంది." దారి మూసేస్తేనే పడుతుంది. వేటగాళ్లకు దెబ్బలు తగిలేది ఎక్కువగా బొరియ మూతి దగ్గరో, కుక్కలు దాన్ని చుట్టుముట్టినప్పుడో. ఎదురైతే ఆగండి. అది పోవాల్సిన వైపు ఖాళీ వదిలి పక్కకు జరగండి, కుక్కను తాడుతో పట్టుకోండి. వెంట్రుకలు నిక్కబొడుచుకొని, గరగరమని అరిచి, తోక కింది గ్రంథి నుంచి ఘాటు కంపు వదిలిందంటే మీరు మరీ దగ్గర ఉన్నట్టు. కరిస్తే సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. చర్మం పొరలోనే వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. అడవి జంతువు కాటు కాబట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వెంటనే రక్షణ ఇచ్చే మందు కూడా గాయంలోనే ఎక్కించాలి. పసరు కట్టి ఊరుకోవద్దు.

కోళ్లను పట్టుకుపోతుందన్నది నిజమైన ఫిర్యాదే. గూడు నేలకు బండలు పరవాలి, లేదా చుట్టూ ఇనుప జాలీని రెండడుగుల లోతుకు దించి కింది అంచును బయటి వైపు వంచాలి. గోడ పక్కనే తవ్వుతుంది కాబట్టి జాలీ తగిలి ఆగుతుంది. తేనెపెట్టెలైతే మీటరుకు పైగా ఎత్తున్న స్టాండు మీద పెట్టి పట్టీతో బిగించండి. పందులకని క్లచ్ వైరు ఉచ్చులు మాత్రం వేయొద్దు. ఇది పడితే గింజుకునేకొద్దీ తీగ ఆ వదులు తోలు మడతల్లో దిగి నడుము కోస్తుంది. పడి కనబడితే మీరు విప్పబోకండి, అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి.

'చంపండి' అని పంపేవాళ్లు ఇది చదవాలి. హనీ బ్యాడ్జర్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులి, ఏనుగుల సరసన. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 2022 సవరణ తర్వాత తక్కువలో తక్కువ 25,000 రూపాయల జరిమానా.