ఇచ్ఛాపురం దాటడానికి పాతికేళ్లు పట్టిన బియ్యం

1996 లోక్‌సభ ఎన్నికల్లో పి.వి. నరసింహారావు నంద్యాలలోనూ, ఒడిశాలోని బరంపురంలోనూ పోటీ చేసి రెండు చోట్లా గెలిచారు. నంద్యాలను వదులుకుని బరంపురాన్ని ఉంచుకున్నారు. హైదరాబాదులో ఎవరితో మా ఊరి పేరు చెప్పినా ఈ సంగతి గుర్తు చేసుకుని, ‘మీ దగ్గరంతా తెలుగువాళ్లే కదా, అందుకే గెలిపించారు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. బరంపురంలో పుట్టి పెరిగినవాడిని కాబట్టి ఈ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. లెక్కలోకి దిగితే మాత్రం నిలవదు.

అంతకు ముందు ఏడాదే జె.బి. పట్నాయక్ నాయకత్వంలో కాంగ్రెస్ ఒడిశాలో మళ్లీ అధికారంలోకి వచ్చింది. 1996లో రాష్ట్రంలోని 21 లోక్‌సభ స్థానాల్లో 16 గెలుచుకుంది. పైగా బరంపురం అప్పటికే ఆ పార్టీకి కంచుకోట. 1977 నుంచి వరసగా ఆర్. జగన్నాథరావు, 1989లోనూ 1991లోనూ పర్లాకిమిడి రాజవంశీకుడు గోపీనాథ గజపతి ఇక్కడి నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచారు. ఓటమి భయమున్న పెద్దమనిషి భద్రమైన చోటు వెతుక్కుంటే మా ఊరు దొరికింది. అదే ఎన్నికల్లో అక్కడ మరో కాంగ్రెస్ అభ్యర్థి ఉన్నా గెలిచేవాడనే నా నమ్మకం. ఇంతకీ మా ఎంపీ మాజీ ప్రధాని అన్న గర్వం కూడా రెండేళ్లు నిలవలేదు. 1997 డిసెంబరులో సభ రద్దయింది. మరుసటి ఎన్నికలకు పార్టీ ఆయనకు టికెట్టే ఇవ్వలేదు. ఆ స్థానంలో జయంతీ పట్నాయక్ నిలబడి గెలిచారు. తెలుగు ఓటు వల్లే పీవీ గెలిచారంటే, జె.బి. పట్నాయక్ సతీమణి ఏ ఓటుతో గెలిచినట్టు?

అసలు ‘తెలుగు ఓటు’ అనేవారు ఆ తెలుగువాళ్లు ఎవరో ఒకసారి చూడాలి. బరంపురం పట్టుకు పేరు తెచ్చినది నేతపనివారు. రెండేళ్లకొకసారి చైత్రంలో జరిగే ఠాకురాణి యాత్రలో పెద్దరికం వాళ్లదే. వాళ్ల కులపెద్దను దేశీబెహెరా అంటారు. బిరుదు ఒడియాది, ఇంట్లో మాట తెలుగు. గోపాల్‌పూర్ ఒడ్డున ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మత్స్యకారులు తెలుగే మాట్లాడతారు. కోమట్ల దుకాణాలు, ప్లీడర్ల కుటుంబాలు, చికిటి వైపు రైతులు, పర్లాకిమిడి పట్టణవాసులు, వీళ్లందరిదీ ఒకే భాష. అవసరాలు మాత్రం వేరు. నేతగాడికి నూలు ధర, జాలరికి వలలు, పడవలు, తుఫాను వేళ సాయం, వ్యాపారికి పన్నులు. వీళ్లు ఒకే పెట్టెలో ఒకే గుర్తుకు ఓటేసిన సందర్భం నా ఎరుకలో లేదు. నియోజకవర్గం ఈ నాలుగు వీధులతో అయిపోదు కూడా. గంజాం, గజపతి జిల్లాల్లోని ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు దీనిలో ఉన్నాయి: ఛత్రపురం, గోపాల్‌పూర్, బరంపురం, దిగపహండి, చికిటి, మోహన, పర్లాకిమిడి. మోహన కొండల్లోని సవర, కొంధ ఓటరుకు తెలుగైనా ఒడియా అయినా కిందనుంచి ఎక్కి వచ్చిన భాషే.

అలాగని ఈ ప్రాంతం మిగతా ఒడిశాలాగే ఓటేసిందని కూడా అనలేం. అసలు ఆసక్తికరమైన విషయం ఇక్కడే ఉంది. 1977లో ఇందిర వ్యతిరేక గాలికి ఒడిశాలో కాంగ్రెస్‌కు మిగిలినవి నాలుగు స్థానాలు: కోరాపుట్, నవరంగపూర్, ఆస్కా, బరంపురం. 1989లో జనతాదళ్ ఊడ్చేసినప్పుడు మిగిలినవి మూడు: కోరాపుట్, నవరంగపూర్, బరంపురం. 2004లో నవీన్ పట్నాయక్ పార్టీ బిజూ జనతాదళ్ (బీజేడీ), బీజేపీ కూటమి ముందు రెండే నిలిచాయి, కోరాపుట్, బరంపురం. 1999లో మాజీ పోలీసు అధికారి అనాది చరణ్ సాహు బీజేపీ తరఫున గెలవడం ఒక్కటే నడుమ వచ్చిన అపశ్రుతి. ఈ పేర్లన్నీ పటం మీద పెట్టి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న నేల ఇదంతా.

ఆ 1936 గీత సంగతి తెలుగువారికి ఒక్క పేరుతో గుర్తుండాలి, గిడుగు రామమూర్తి. పర్లాకిమిడి జమీ మొత్తం ఒడిశాలో కలవాలని రాజా కృష్ణచంద్ర గజపతి పట్టుబట్టారు. గిడుగు దాన్ని ఎదిరించారు. చివరికి జమీ రెండు ముక్కలైంది. పట్నం ఒడిశాకు, చాలా గ్రామాలు మద్రాసు వైపుకు. సవర భాషకు జీవితం ధారపోసిన ఆ మనిషి, ఊరు ఒడిశాలో కలిశాక అక్కడ ఉండలేక రాజమండ్రికి వెళ్లిపోయారు. ఉండిపోయినవాళ్లు మా తాతలు.

మద్రాసు నేల అన్న కారణం చూపించి, ‘అంటే ఆంధ్రతో పాటే ఓటేశారన్నమాట’ అని మరో సిద్ధాంతం కట్టేవారున్నారు. పైపైన అది నిజంలాగే కనిపిస్తుంది. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. చేజారిన ఆ ఒక్కటీ నీలం సంజీవరెడ్డి గెలిచిన నంద్యాల. తర్వాత పీవీ వెళ్లి చేరిన నంద్యాలే, ఇది వేరే కథ. 1989లో అక్కడ 39, ఇక్కడ బరంపురం. 2004లో అక్కడ 29, ఇక్కడ మళ్లీ బరంపురం. మూడు మేకులు సరిగ్గా దిగాయి.

నాలుగోది దిగలేదు. 1984లో ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్‌వైపు ఒరిగితే, ఆంధ్రలో తెలుగుదేశం 30 స్థానాలు గెలిచింది. శ్రీకాకుళం కూడా దానిదే. ఆ నియోజకవర్గంలో చివరి ఊరు ఇచ్ఛాపురం మాకు పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. ఎన్టీఆర్ సినిమాలకు బరంపురం హాళ్లలో టికెట్లు దొరికేవి కావు. తెలుగువారి ఆత్మగౌరవం అన్న మాటకు పొంగిపోవలసింది ఎవరంటే, సొంత రాష్ట్రం లేని తెలుగువాళ్లే కదా? బరంపురం జగన్నాథరావుకే ఓటేసింది. ఆ మాటలో ఉద్వేగం ఉంది గానీ, గీతకు ఇవతల ఉన్న మాకు అందులో రేషన్ కార్డు లేదు. ఎన్టీఆర్ 1983లో మొదలుపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్ఛాపురం దాకా వచ్చి ఆగిపోయింది. అత్తవారింటి నుంచి వచ్చిన ఆడపడుచులు అక్కడి బియ్యం ధర చెబితే ఇక్కడివాళ్లు నోరు వెళ్లబెట్టేవారు.

ఆ బియ్యం చివరికి సరిహద్దు దాటింది, పాతికేళ్ల తర్వాత. 2008లో ఒడిశా ముఖ్యమంత్రిగా నవీన్ పట్నాయక్ కిలో రెండు రూపాయల బియ్యం ప్రకటించారు. 2009లో బరంపురం కాంగ్రెస్ చేతిలోంచి జారి, ఒడియా సినీ నటుడు సిద్ధాంత మహాపాత్రను బీజేడీ తరఫున ఢిల్లీకి పంపింది. కాంగ్రెస్ ఎక్కడికక్కడ కూలిన ఏడాది కూడా కాదది. రాష్ట్రంలో దాని సీట్లు రెండు నుంచి ఆరుకు పెరిగాయి. పోయినవి మాత్రం కోరాపుట్, బరంపురం. అంతవరకు గాలికి ఎదురు నిలిచిన రెండూ, పార్టీకి మంచిరోజులు వచ్చిన ఏడాదే దాన్ని వదిలేశాయి. ఓడిపోయినది చంద్రశేఖర్ సాహు. ఉపాధి హామీ పథకం నడిపిన గ్రామీణాభివృద్ధి శాఖకు ఆయన కేంద్ర సహాయమంత్రి. పనికి కూలీ ఇచ్చిన పథకం కన్నా పళ్లెంలో పడిన మెతుకు బలమైనదని ఆయనకు ఆ రోజు తెలిసి ఉంటుంది. బియ్యమొక్కటే కారణమని నేననను. అప్పటి ముఖ్యమంత్రి నవీన్ సొంత నియోజకవర్గం హింజిలి ఈ గంజాం జిల్లాలోనే ఉంది. సూరత్ మగ్గాల మీదకు పిల్లలను పంపుకునే ఇళ్లకు అప్పట్లో సర్కారు అంటే పేరులేని వ్యవస్థ కాదు, జిల్లా మనిషి.

అప్పటి నుంచి ఇక్కడ పార్టీ అన్న మాటకు అర్థం పలచబడింది. కాంగ్రెస్‌లో గెలిచి, ఓడిన చంద్రశేఖర్ సాహు బీజేడీలో చేరి 2019లో మళ్లీ గెలిచారు. అప్పుడు బీజేపీ తరఫున ఓడిన భృగు బక్షిపాత్ర 2024లో బీజేడీ అభ్యర్థి. ఆయనను ఓడించిన బీజేపీ అభ్యర్థి ప్రదీప్ పాణిగ్రాహి, బీజేడీ బహిష్కరించిన గోపాల్‌పూర్ ఎమ్మెల్యే. నటుడు సిద్ధాంత కూడా బీజేపీలోకి వెళ్లి దిగపహండి అసెంబ్లీ గెలుచుకున్నారు. ఆ ఏడాది బీజేపీ ఒడిశాలో 20 లోక్‌సభ స్థానాలు తీసుకుంది. తీసుకోలేనిది ఒక్క కోరాపుట్. పాత జంటలో ఒకటి మొండికేసింది, మనది రాష్ట్రంతో కలిసిపోయింది.

మరి తెలుగువాడు కనిపించేది ఎక్కడ? పర్లాకిమిడి అసెంబ్లీలో. 2014లో అక్కడ గెలిచినది కాంగ్రెస్ తరఫున కె. సూర్యారావు, 2019లో బీజేపీ తరఫున కె. నారాయణరావు. గుర్తులు వేరు, ఇంటి భాష ఒకటే. లోక్‌సభ అభ్యర్థి అదే బజారుకు వచ్చినప్పుడు మైకులో ‘అందరికీ నమస్కారం’ అంటాడు. జనం చప్పట్లు కొడతారు. రెండో వాక్యం నుంచి ఒడియా.