ధ్యానమా, ధాన్యమా?

పదేళ్ళుగా నేను ఆనందానికి ప్రూఫులు దిద్దుతున్నాను.

నవ్వకండి, ఇదొక ఉద్యోగం. బెజవాడ గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో పంచాంగాలూ పెళ్ళి శుభలేఖలూ ఇంటర్ గైడ్లూ దిద్దుకుంటూ నా మానాన నేను బతుకుతుంటే, ఒక జనవరిలో పుస్తకాల పండగకి వెళ్ళొచ్చి మా ఓనరు గారికి జ్ఞానోదయమైంది. 1989లో మొదలైనప్పటి నుంచీ వెళ్తున్న మనిషే. కానీ ఆ ఏడు ఆయన పుస్తకాలు చూళ్ళేదు, జనం చేతుల్లో సంచులు చూశారు. కవిత్వం స్టాలు దగ్గర కవులు ఒకళ్ళ పుస్తకాలు ఒకళ్ళకి ఊరికే ఇచ్చుకుంటున్నారట. వ్యక్తిత్వ వికాసం స్టాలు దగ్గర మాత్రం చిల్లర చాలక గొడవ. మర్నాటి నుంచి సృజనాత్మకత, సంతోషం, అంతర్గత శక్తి, అన్నీ నా టేబుల్ మీదుగానే వెళ్తున్నాయి, ఫారానికి పదహారు పేజీల చొప్పున.

ఈ పుస్తకాలు అందరూ కొంటారు. నేను చదువుతాను. ప్రతి అక్షరం, రెండేసి సార్లు, కామాలతో సహా. ఆ లెక్కన ఈ జిల్లాలో నా అంత వికసించిన వ్యక్తి ఇంకొకడు ఉండకూడదు. మా ఆవిడ ఈ వాక్యానికి అభ్యంతరం చెప్పింది కాబట్టి అది కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

అసలు విషయానికొస్తే, ఆరేళ్ళ కింద నా చేతిలో ఒక ఘోరం జరిగింది. సంతోషం గురించి 224 పేజీల పుస్తకం, 112వ పేజీలో ఒక య వత్తు పక్క అక్షరానికి జరిగిపోయింది. "రోజూ ఉదయం ఇరవై నిమిషాలు ధాన్యం చేయండి, ధాన్యం వల్ల మనసు తేలికవుతుంది" అని అచ్చయి వెయ్యి కాపీలు బైండింగుకి వెళ్ళిపోయాయి. నాకు నిద్రపట్టలేదు. ఫోన్లు వస్తాయని ఎదురుచూశాను. వచ్చాయి కూడా, ఆరో పేజీలో అరసున్న లాంటి మచ్చ ఏమిటని ఒకాయన, తొమ్మిదో పేజీలో కామా ఎందుకు లేదని ఒక రిటైర్డ్ తెలుగు మేష్టారు. 112వ పేజీ గురించి ఇవాళ్టికీ ఒక్క ఫోను లేదు.

దీనికి రెండే కారణాలుండాలి. కృష్ణా డెల్టా జనం కాబట్టి ధాన్యం మనసుకు శాంతినిస్తుందని సహజంగానే ఒప్పుకుని ఉండాలి (సకాలంలో డబ్బులు పడితే). లేదా, 112వ పేజీ దాకా ఎవరూ వెళ్ళి ఉండకూడదు.

ఇంత గంభీరమైన ప్రశ్నని ఊహకి వదిలేయడం భావ్యం కాదని లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల మీద విచారణ చేపట్టాను. వికాసం పుస్తకాలు ఓ డజను తిరగేశాను. అన్నిట్లోనూ ఒకే చరిత్ర. మొదటి అధ్యాయంలో స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో అండర్‌లైన్లు, పక్కన చుక్కలు, "చాలా ముఖ్యం" అని గమనికలు. రెండో అధ్యాయంలో స్కేలు పోయింది. మూడోదానికి పెన్ను పోయి పెన్సిల్ వచ్చింది, అదీ మార్జిన్‌లో ఒక నిలువు గీత. ఆ తర్వాత పెళ్ళిలో చదివించిన నోట్లలా పెళపెళలాడే కాగితాలు. ఒకదాంట్లో 38వ పేజీ దగ్గర గుంటూరు బస్సు టికెట్టు. ఆ మనిషి మంగళగిరి వచ్చేసరికే నిద్రపోయి ఉంటాడు. కొట్టతను నా అవస్థ చూసి, "ముందు నలభై పేజీలు పట్టించుకోకండి సార్, మిగతాదంతా కొత్త పుస్తకమే" అని భరోసా ఇచ్చాడు.

పుస్తకాల తప్పేం లేదంటారా? సరే, మూలానికే వెళ్దాం. ఈ మొత్తం వ్యవహారానికి ఒక పెద్దమనిషి శామ్యూల్ స్మైల్స్, స్కాట్లండు డాక్టరు (ఇంటిపేరే చిరునవ్వులు, ఇంక వేరే ఏం రాస్తాడు). 1859లో "సెల్ఫ్ హెల్ప్" అని పుస్తకం వేశాడు. దాని కథ ఆయనే చెప్పాడు. అంతకు పది పదిహేనేళ్ళ ముందు ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్ళో కొందరు పేద కుర్రాళ్ళు సాయంత్రాలు ఒకళ్ళకొకళ్ళు చదువు చెప్పుకునేవాళ్ళు. మంది పెరిగి చోటు చాలకపోతే, ఒకప్పుడు కలరా ఆసుపత్రిగా వాడిన గది అద్దెకు తీసుకున్నారు, ఇంకెవరూ దాని జోలికి వెళ్ళరు కాబట్టి. ఈయన్ని పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. అంటే వాళ్ళ సాయం వాళ్ళు చేసేసుకున్నాక పుస్తకం వచ్చింది! కలరా గదిలో కూర్చుని లెక్కలు నేర్చుకున్న వాళ్ళ గురించి మనం ఏసీ వేసుకుని చదివి, స్ఫూర్తి పొంది, పడుకుంటున్నాం.

ఈమధ్య గాలి జపాన్ వైపు మళ్ళింది. ఒకినావా దీవుల్లో ముసలాళ్ళు కడుపు ఎనభై పాళ్ళు నిండగానే తినడం ఆపేస్తారట, దాన్ని "హర హచి బు" అంటారట. మొదట్లో శివస్తోత్రమనుకుని ఇంకో "హర" చేర్చబోయాను. దీన్ని తెనాలిలో మా మేనత్త ఇంట్లో అమలు చేశాను. గోంగూర పచ్చడి, ముద్దపప్పు అయ్యాక, మీగడ పెరుగు రాకముందే లేవబోయాను. "ఏరా, మేనత్త చేతి కూడు చేదైందా, ఎవరన్నా ఏమన్నా అన్నారా" అని కొంగు కళ్ళకద్దుకుంది. చివరికి నూట ఇరవై పాళ్ళ దగ్గర వదిలిపెట్టారు.

అదే ఒకినావాలో మోఆయి అని ఇంకోటుంది. కొందరు స్నేహితులు జట్టుగా చేరి, నెలనెలా తలా ఇంత వేసుకుని, అవసరమైన వాళ్ళకి ఇచ్చుకుంటూ జీవితాంతం కలిసుంటారు, వాళ్ళ దీర్ఘాయుష్షులో దానికీ వాటా ఉందంటారు. ప్రూఫు చదువుతూ అక్కడ ఆగిపోయాను. ఇది చీటీ. అచ్చంగా మన చీటీ! అక్కడ ఆయుష్షు పెంచుతోంది. మా సత్యనారాయణపురం వీధిలో చీటీలు కట్టించుకునే ఆవిడ ఒక రోజు సామాన్లతో సహా కనబడకుండా పోయాక ముగ్గురికి బీపీ మాత్రలు మొదలయ్యాయి. పొద్దున్నే ఐదింటికి లేచేవాళ్ళే విజేతలని ఇంకో పుస్తకంలో దిద్దాను కదా, ఆవిడ ఆ రోజు మూడున్నరకే లేచింది.

చన్నీళ్ళ స్నానంతో సంకల్పబలం వస్తుందని మరొకరు. మే నెలలో బెజవాడ డాబా మీద ట్యాంకు నీళ్ళలో టీ పొడి వేస్తే టీ అయిపోతుంది. సంకల్పం కోసం మేం ఐసు కొనుక్కోవాలి.

అనువాదాల సంగతి చెప్పకపోతేనే మర్యాద, కానీ చెప్తాను. "మీ లోపలి శిశువును మేల్కొలపండి" అని ఒక అధ్యాయం. ఆ ప్రూఫు ఇంటికి తెచ్చుకుంటే మా ఆవిడ పైకి చదివి, నా పొట్ట వైపు చూసి, "ఎన్నో నెలండీ?" అంది. ఆవిడ మాటకారితనానికి తట్టుకోలేక కృతజ్ఞతా డైరీ మొదలుపెట్టాను, రోజూ మూడు మంచి విషయాలు రాసుకోవాలి. మొదటి రోజు సూర్యుడు, గాలి, మా అమ్మ. రెండో రోజు "పై విధంగానే". మూడో రోజు ఒట్టి తారీఖు. నాలుగో రోజు నుంచి మా ఆవిడ దస్తూరి, పాలు రెండు ప్యాకెట్లు, ఇస్త్రీకి పద్నాలుగు, గ్యాస్ వచ్చింది. రెండేళ్ళు ఒక్క రోజు తప్పకుండా నడిచింది ఆ డైరీ. మా ఇంట్లో ఏ వికాసమూ అంత క్రమశిక్షణతో సాగలేదు.

దాన్ని చూశాకే నాకు ఆలోచన తట్టి, ఓనరు గారి ముందు పెట్టాను. పద్నాలుగు ఫారాల పుస్తకంలో మూడు ఫారాలే అచ్చువేద్దాం, మిగతా పదకొండూ గీతల కాగితం పెడదాం, పాల లెక్కకి పనికొస్తుంది, నాకు తప్పులు తగ్గుతాయి, కొన్నవాళ్ళకి పూర్తిచేయలేదన్న టెన్షన్ ఉండదు. ఆయన తేలిగ్గా కొట్టిపారేయలేదు, రెండు రోజులు ఆలోచించారు. గీతల కాగితానికి రేటెక్కువ, వికాసమే చవక అని తేల్చారు.

పోయిన నెల లెనిన్ సెంటర్‌లో మన ధాన్యం పుస్తకం కనబడింది. గుండె దడదడలాడింది. మొదటి నలభై పేజీల్లో ఒక్క గీత లేదు. వంద దాకా కూడా లేదు. 112 తిప్పాను. నా వాక్యం కింద బాల్ పెన్నుతో రెండు గీతలు, గట్టిగా, కాగితం చిరిగేలా. పక్కన మార్జిన్‌లో లెక్క: 38 బస్తాలు, బస్తా 1,600, మొత్తం 58,800, అందులో హమాలీ, లారీ కిరాయి తీసివేత.

గుణకారం తప్పు. పాపం, రెండు వేలు తక్కువ వేసుకున్నాడు. కొట్టతను అటు తిరిగినప్పుడు జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, 58 కొట్టేసి 60 చేసి, పుస్తకం ఉన్నచోటే పెట్టేశాను.