మూడో పొక్క

చిక్కడపల్లిలో ఒక ఇన్సూరెన్సు సర్వేయరు గారున్నారు. కాలిన గోడౌన్లూ మునిగిన మిల్లులూ చూసొచ్చి నష్టమెంతో లెక్కగట్టడం ఆయన వృత్తి. సైటులో తీసిన ఫొటోల మీద అక్కడికక్కడే గుర్తులు పెట్టుకోవచ్చు, రిపోర్టు మీద తెరమీదే సంతకం పెట్టేయొచ్చు అని చెప్పి, వెనక్కి పూర్తిగా మడతపడే టచ్‌స్క్రీన్ లాప్‌టాప్ కొనాలని సంకల్పించారు. సంకల్పంలో తప్పేమీ లేదు. నిజానికి ఈ యంత్రాలు ఇలాంటివాళ్ళ కోసమే. రోజంతా ఎక్సెల్‌లో అంకెలు కొట్టుకునే మనిషి తెర మీద వేలు పెట్టేది మొదటి వారమే. ఆ తరవాత అక్కడ మిగిలేవి వేలిముద్రలు. కలంతో రాసే పని ఉన్నవాళ్ళకే మడత మీద పెట్టిన అదనపు డబ్బు గిట్టుబాటవుతుంది.

ఆయన బావమరిది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కరెంటు బిల్లు వెనకాల ఒక జాబితా రాసిచ్చాడు. ర్యామ్ 16 జీబీకి తగ్గకూడదు, ఎందుకంటే ఈ పలచటి మోడళ్ళలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తరవాత పెంచుదామంటే కుదరదు. తెర వెలుగు కనీసం 400 నిట్స్ ఉండాలి. టచ్ తెర మీద గాజు ఉంటుంది గనక 300 నిట్స్‌దైతే కిటికీ పక్కన కూర్చున్నప్పుడు రిపోర్టు బదులు సొంత మొహం కనిపిస్తుంది. బరువు 1.4 కిలోలు దాటకూడదు. టైప్-సీ పోర్టు మీద చార్జ్ అవ్వాలి, కలం డబ్బాలోనే రావాలి, రాకపోతే దానికి ఏ కలం నప్పుతుందో షాపులోనే రాయించుకోవాలి. ఆఖర్న రెండు గీతలు కొట్టి ఇంకో మాట రాశాడు: “యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ తప్పనిసరి బావగారూ. టచ్ గాజూ లోపలి డిస్‌ప్లే ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఓ మూల పగిలినా మొత్తం మార్చాల్సిందే.”

ముప్ఫయ్యేళ్ళుగా ఇన్సూరెన్సు కాగితాల్లోని చిన్నక్షరాలు చదువుతున్న మనిషి కాబట్టి, సర్వేయరు గారు జాబితాలోని ఆ పగుళ్ళ బీమా మాత్రం కావాలనే తీసుకోలేదు.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, సీటీసీ అనే కంప్యూటర్ల బజారులో ఒక షాపు. కౌంటర్లో కుర్రాడు మహా హుషారు. “ఇగో సార్, గిట్ల వెడ్తే లాప్‌టాపు. కీబోర్డు బోర్లేస్తే సిన్మా జూసుడు. గిట్ల నిలవెడ్తే డేరా. మొత్తం ఎన్కకు తిప్తే టాబ్లెట్టు!” నాలుగు భంగిమలూ చూసేసరికి కరెంటు బిల్లు జేబులోనే ఉండిపోయింది. సర్వేయరు గారు తామే నాలుగుసార్లు తిప్పి చూసి, బాగా తిరుగుతోందని డబ్బు కట్టేశారు. దైవికంగా ర్యామ్ 16 జీబీయే. వెలుగు 300 నిట్స్, బరువు కిలోన్నర. కలం విడిగా కొనుక్కోవాలి.

ఒక అరకిలో టాబ్లెట్‌ను ఎడంచేత్తో పట్టుకుని కుడిచేత్తో రాసినట్టు, కిలోన్నరను పట్టుకుని రాయలేం. సైటులో అయిదు నిమిషాలకే ఆయన మణికట్టు మొరాయించింది. పైగా మడిచినప్పుడు కీబోర్డు వెనక్కి పోతుంది, పట్టుకున్న నాలుగు వేళ్ళూ మీటల మీదే ఉంటాయి. ఏ మీట నొక్కితే ఏం చెరిగిపోతుందోనని ఆయన వేళ్ళు విడదీసి అరచేత్తోనే మోశారు. అనవసరపు శ్రమ. తెర చదును దాటి వెనక్కి వెళ్ళగానే లోపలి సెన్సర్లు కనిపెట్టి కీబోర్డునూ టచ్‌ప్యాడ్‌నూ ఆపేస్తాయి. కావలిస్తే వాటి మీద తబలా వాయించుకోవచ్చు.

ఆ సెన్సర్లకు తెలివి ఎంతుందో అమాయకత్వమూ అంతే ఉంది. మూత పడిందా లేదా అని అవి అయస్కాంతాన్ని బట్టి తెలుసుకుంటాయి. సర్వేయరు గారి ఫోనుకి పర్సులా మూసుకునే అయస్కాంతపు కవరుంది. రిపోర్టు రాస్తూ ఫోన్‌ను కీబోర్డు పక్కన, అరచెయ్యి ఆనే చోట పెట్టారు. తెర ఠక్కున ఆరిపోయింది. ఫోను తీసి బావమరిదికి చేశారు, తెర వెలిగింది. “ఇప్పుడు వచ్చిందయ్యా” అని పెట్టేశారు, ఆరిపోయింది. ఈ వరస చాలాసేపు నడిచాక గానీ దోషి చేతిలోనే ఉన్నాడని బావమరిదికి తట్టలేదు. రెండు లాప్‌టాప్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టినా ఇదే జరుగుతుంది. కింది దాని మూతలో ఉన్న అయస్కాంతం పైదాన్ని నిద్రపుచ్చుతుంది.

కలం సంగతి వేరే పురాణం. బావమరిది దగ్గర వాడని కలం ఒకటుంటే తెచ్చిచ్చాడు. అది ఈ తెర మీద గీత కాదు కదా, చుక్క కూడా పెట్టలేదు. ఈ కలాల్లో మైక్రోసాఫ్ట్ పెన్ ప్రొటోకాల్‌వి ఒక జాతి, వాకమ్ ఏఈఎస్‌వి ఇంకో జాతి, యూఎస్ఐవి మరో జాతి. రెండు మూడు భాషలొచ్చిన కలాలు కొన్ని ఉన్నా, మామూలుగా ఒక జాతి కలం ఇంకో జాతి తెరతో మాట్లాడదు. ఫుట్‌పాత్ మీద దొరికే రబ్బరు మొన కలం మాత్రం అన్ని తెరల మీదా గీస్తుంది, కానీ దాన్ని తెర వేలనే అనుకుంటుంది. నొక్కినకొద్దీ గీత లావెక్కదు, అరచెయ్యి ఆనితే అదీ గీతే. అలాంటిదానితో పెట్టిన సంతకాన్ని బ్యాంకువాళ్ళు మొదటిసారే తిప్పి పంపుతారు.

చివరికి సరైన జాతిది కొన్నారు. దానికి ఏఏఏఏ సెల్లు కావాలి. కోఠీలో అడిగితే షాపాయన వింతగా చూశాడు: “త్రిపుల్ ఏ ఉంది గద సార్, ఇంకో ఏ ఎందుకు?” ఎందుకంటే త్రిపుల్ ఏ వ్యాసం పదిన్నర మిల్లీమీటర్లు, దీనిది 8.3. ఎంత బతిమాలినా ఆ గొట్టంలో పట్టదు. కలం కొనేవాళ్ళు యూఎస్‌బీతో చార్జ్ అయ్యేదో, లాప్‌టాప్ ఒంట్లోనే గూడు ఉన్నదో చూసుకుంటే ఈ తిరుగుడు ఉండదు. వాడుక అయ్యాక కలాన్ని కీబోర్డు మీద వదిలి మూత వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బీమా కవర్ తీసుకోలేదని ఇందాకే చెప్పుకున్నాం.

విశాఖపట్నం వందే భారత్‌లో ప్రయాణం సుఖంగానే సాగింది, ఒక్క తెర గిరగిరలు తప్ప. టాబ్లెట్‌లా మడిచి ఒళ్ళో పెట్టుకుంటే, ఒళ్ళు కదిలినప్పుడల్లా పేజీ నిలువుకీ అడ్డానికీ తిరిగింది. దీనికి రొటేషన్ లాక్ ఉంది. విండోస్ మీటా, A అక్షరపు మీటా కలిపి నొక్కితే వచ్చే పెట్టెలో దొరుకుతుంది. తమాషా ఏమిటంటే, మామూలు లాప్‌టాప్‌లా తెరిచి ఉన్నప్పుడు ఆ బొత్తం మసకబారి నొక్కుడు పడదు. పడాలంటే ముందు మడవాలి. మడిచాక మీటలు పనిచెయ్యవు. కాబట్టి కింద కుడిమూల గడియారం పక్కనున్న బొమ్మల మీద వేలు పెట్టి ఆ పెట్టెను తెరవాలి. ఖమ్మం దాటేలోగా పక్క సీటు పిల్లాడు ఇదంతా ఆయనకి నేర్పాడు. ముందు సీటువాళ్ళు వెనక్కి వాలినప్పుడు మాత్రం డేరా భంగిమ నిజంగా అక్కరకొచ్చింది. మామూలుగా తెరిచి ఉంటే ఆ సీటు వెనక అంచుకీ ట్రేకీ మధ్య తెర నలిగేది.

ఇంతవరకూ జరిగినవి చిల్లర. అసలుది ముంబైవాళ్ళతో ఆన్‌లైన్ మీటింగు రోజు జరిగింది.

పటాన్‌చెరు వైపు ఒక గోడౌనులో కాలిన సరుకు క్లెయిము. సర్వేయరు గారు ఇంట్లో హాల్లో టేబుల్ మీద కీబోర్డు బోర్లించి, తెర నిలబెట్టి, చార్జరు తగిలించి కూర్చున్నారు. ఆ చార్జరుది మూడు పిన్నుల ప్లగ్గు. టేబుల్ దగ్గర ఉన్నది రెండు పొక్కల సాకెట్టు. మధ్యలో పది రూపాయల కన్వర్టరు. పావుగంట సజావుగా నడిచింది. అంతలో ఆయన చెయ్యి ఒళ్ళో ఉండగానే తెర మీద ఆయన చెయ్యి ఎత్తారు. ముంబై పెద్దమనిషి “చెప్పండి” అన్నాడు. ఈయన “ఏమీ లేదండి” అన్నారు, కానీ ఆ లోపల మైకు దానంతటది ఆగిపోయింది. ఫొటో పెద్దదై కాలిన బస్తా ఒక్కటే తెరంతా నిండింది. “పార్టీ సర్వం కోల్పోయి రోడ్డున పడింది” అని అవతల ఎవరో అంటుండగా ఈయన పేరు పక్కనుంచి చప్పట్ల బొమ్మలు తేలుకుంటూ పైకెళ్ళాయి.

తెర మీద దుమ్ముందేమోనని తువ్వాలుతో తుడిచారు. వెలుగుతున్న టచ్ తెరను తుడవడమంటే దాని మీద గంపగుత్తగా వేళ్ళు పెట్టడమే. ఒక తుడుపుకి వీడియో ఆన్ అయింది, రెండో తుడుపుకి మీటింగులోంచి బయటికొచ్చేశారు. (తుడవాలంటే ఆపేసి, చార్జరు తీసి, మైక్రోఫైబర్ గుడ్డను కొంచెం తడిపి తుడవాలి. తడి గుడ్డకే గానీ తెర మీద చిలకరించకూడదు. అద్దాలు తుడిచే ఘాటు ద్రవాలు గాజు పైపూతను లేపేస్తాయి.)

సర్వేయరు గారి అమ్మగారు అంతా చూస్తూనే ఉన్నారు. “ఒరే అబ్బాయ్, ఎవరి కళ్ళు పడ్డాయో. గుప్పెడు రాళ్ళుప్పు తిప్పి పారేస్తే సరి” అని వంటింట్లోకి వెళ్ళారు. ఈయన బావమరిదికి ఫోన్ చేశారు, ఈసారి దూరంగా నిలబడి.

“బావగారూ, ముందు చార్జరు పీకండి.”

పీకారు. తెర కుదుటపడింది.

“మళ్ళీ పెట్టండి. పెట్టి, ముంజెయ్యి లాప్‌టాప్ అంచుకి మెల్లిగా రాయండి.”

“జివ్వుమంటోందోయ్!”

“అదీ సంగతి. తెర మంచిదే. మీ ఇంటి కరెంటుకే జబ్బు.”

చార్జరు లోపల కరెంటులోని గోలను వడకట్టే చిన్న కెపాసిటర్లుంటాయి. ఆ గోల మూడో పిన్ను ద్వారా భూమిలోకి పోవాలి. దారి మూసేస్తే లాప్‌టాప్ లోహపు ఒంట్లో తిష్ఠవేస్తుంది. చాలా స్వల్పమైన కరెంటు, జివ్వుమనడంతో సరి. కానీ టచ్ తెర బతికేదే అంతకన్నా స్వల్పమైన తేడాల మీద. వేలు దగ్గరికొస్తే గాజు కింద గీతల్లో విద్యుదావేశం రవ్వంత మారుతుంది, దాన్ని బట్టి వేలు ఎక్కడుందో లెక్కగడుతుంది. ఇంత గోలలో అది లేని వేళ్ళను లెక్కబెట్టింది. చార్జరు తీసినా ఈ గంతులు ఆగకపోతే అప్పుడు తెరనో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరైన డ్రైవరునో అనుమానించాలి. అప్పటికప్పుడు గండం గట్టెక్కాలంటే విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ కింద టచ్‌స్క్రీన్ అన్న వరుసను డిసేబుల్ చేసి, మౌసుతో పని కానివ్వాలి. సర్వేయరు గారు అలాగే మీటింగులోకి తిరిగి చేరి, చప్పట్లకి క్షమాపణ చెప్పుకున్నారు.

మర్నాడు కన్వర్టరు పారేసి, ఫ్రిజ్ దగ్గరి మూడు పొక్కల సాకెట్టులో పెట్టారు. మళ్ళీ అదే తంతు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచారు. అతను ఒక బల్బుకి రెండు వైర్లు కట్టి తెచ్చాడు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే వెలిగింది. ఫేజుకీ పైన లావుపాటి పొక్కకీ మధ్య పెడితే ఉలుకూ పలుకూ లేదు. సాకెట్టు విప్పాడు.

“మూడో పొక్కకు వైరే లేదు సార్. ఉత్తగ షోకు పెట్టిండ్రు.” ఒక్క క్షణం ఆగి, “న్యూట్రల్ నుంచి ముక్క వైరు దీనికి కలిపిస్త, అయిదు నిమిషాల్ల అయిపోతది” అన్నాడు.

బావమరిది గయ్యిమన్నాడు. న్యూట్రల్ వైరు ఎక్కడైనా తెగిందంటే ఫ్రిజ్ ఒంటి మీదికే 230 వోల్టులు వస్తాయి. ఎలక్ట్రీషియన్ నొచ్చుకోలేదు. “ఎర్కే సార్. మస్తుమంది గట్లనే చేపిచ్చుకుంటరు, అడగాలె గదా.”

సరే, ఎర్తు కోసం పెరట్లో గోడకి అయిదడుగుల ఎడంగా గొయ్యి తవ్వించారు. రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస వేస్తూ పూడ్చి, నీళ్ళు పోసి, అక్కణ్ణుంచి రాగి వైరు మీటరు బోర్డుకి లాగారు. బస్తా రాళ్ళుప్పు గోతిలో పడుతుంటే అమ్మగారు వసారాలోంచి అన్నారు: “గుప్పెడు చాలన్నాను, విన్నారు కాదు.”

సాయంత్రానికి లాప్‌టాప్ బుద్ధిగా కూర్చుంది. చార్జరు పెట్టినా తెర మీద ఈగ వాలితే తప్ప చలనం లేదు. సర్వేయరు గారు కలంతో ఒక సంతకం పెట్టి, మురిసి, అందరికీ చూపించారు.

ఇల్లాలు చూసింది. “ఏవండీ, వాషింగ్ మెషీను షాకు కొడుతోందని మూడేళ్ళుగా చెబుతుంటే రబ్బరు చెప్పులేసుకో అన్నారు. దీనికి నాలుగు రోజులు జివ్వుమంటే పెరడంతా తవ్వించారు. ఏరా తమ్ముడూ, నువ్వైనా చెప్పవేం?”

“ఇప్పుడు అది కూడా కొట్టదులే అక్కా, ఎర్తు వచ్చేసిందిగా” అన్నాడు తమ్ముడు.

సామాను సర్దుకుంటున్న ఎలక్ట్రీషియన్ తలెత్తాడు. “బాత్‌రూమ్ కాడి సాకెట్‌కు వైరు గుంజలే సార్. లాప్‌టాపు పాయింటుకే గదా చెప్పిండ్రు?”