'వద్దు' అనకపోతే 'సరే' అన్నట్టేనా?

నాలుగు రోజులుగా పాఠకులు ఫోన్లు పట్టుకుని మా కార్యాలయానికి వస్తున్నారు. అందరూ చూపిస్తున్నది ఒకే ఎస్సెమ్మెస్. ఇంటికి వైఫై ఇచ్చే కంపెనీ పంపింది. అంతా ఇంగ్లిష్‌లో ఉంది. నిబంధనలు మారాయట. చందాదారుల ఆసక్తికి తగిన ప్రకటనలు చూపించడానికి వారి బ్రౌజింగ్ వివరాలు వాడుకుంటారట. వద్దనుకునేవారు లింకులోకి వెళ్లి ఆ మాట చెప్పాలట. పదిహేను రోజుల్లో చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. దేవరకొండ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్ మా ముందే ఆ లింకు నొక్కారు. ఖాతా నంబరు అడిగింది, పాస్‌వర్డ్ అడిగింది. ఆ పాస్‌వర్డ్ ఆయనకు ఎవరూ ఎన్నడూ ఇవ్వలేదు. కనెక్షన్ పెట్టిన కేబుల్ ఆపరేటర్ దగ్గరే ఉంది. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే, "నాకూ తెల్వదు సార్, కంపెనీ వాళ్లనే అడగండి" అన్నాడు. అంటే ఆ పెద్దాయన వద్దనుకున్నా వద్దని చెప్పే దారి లేదు. పదహారో రోజు ఆయన ఒప్పుకున్నట్టు కంపెనీ పుస్తకాల్లో రాసుకుంటుంది.

కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్కదాని పేరు రాస్తే మిగిలినవి తమకు సంబంధం లేదని పక్కకు తప్పుకుంటాయి. ఈ పద్ధతి నిలబడితే రేపు ప్రతి కంపెనీ ఇదే ఎస్సెమ్మెస్ పంపుతుంది. మా భయమంతా దాని గురించే.

నెట్ ఇచ్చే కంపెనీకి ఏం కనిపిస్తుందన్నది ముందు తెలుసుకోవాలి. ఇవాళ ఎక్కువ సైట్లు తాళం వేసిన దారిలోనే నడుస్తున్నాయి. కాబట్టి పేజీలో మీరు చదివిన అక్షరాలు, కొట్టిన పాస్‌వర్డ్ కంపెనీకి మామూలుగా కనిపించవు. కానీ ఏ సైట్‌కు వెళ్లారు, ఎన్ని గంటలకు వెళ్లారు, ఎంతసేపు ఉన్నారు, మళ్లీ ఎప్పుడు వచ్చారు అన్నవి చాలా వరకు కనిపిస్తాయి. ఆర్టీసీ బస్సులో కండక్టర్ సంగతి ఆలోచించండి. నల్లగొండలో ఎక్కిన మనిషి హైదరాబాద్‌లో క్యాన్సర్ ఆసుపత్రి స్టేజీలో దిగాడని ఆయనకు తెలుస్తుంది. నెలకు రెండుసార్లు దిగుతున్నాడనీ తెలుస్తుంది. టికెట్ కొట్టాలి కాబట్టి తెలిసింది. ఆ కండక్టరే సాయంత్రం ఆ వివరాన్ని మందుల షాపుకో, వడ్డీ వ్యాపారికో అమ్ముకుంటే ఊరుకుంటామా? డిపో ముందు ధర్నా చేయమా?

ఇంటి నెట్‌లో ఒక నెల పాటు వెళ్లిన సైట్ల జాబితా చూస్తే ఆ ఇంటి బతుకంతా అందులో ఉంటుంది. బత్తాయి తోట ఎండిపోతున్న రైతు బోరు మోటార్ల ధరలు చూస్తాడు, రెండు రోజుల తర్వాత బంగారం మీద అప్పు ఇచ్చే కంపెనీల సైట్లు చూస్తాడు. పాలమూరు నుంచి ముంబై పోయిన మేస్త్రీ ఇంట్లో ఆయన భార్య అర్ధరాత్రి కిడ్నీ జబ్బుల గురించి వెతుకుతుంది. పెళ్లి సంబంధాల సైట్, గ్రూప్స్ కోచింగ్ సైట్, విడాకుల లాయర్ సైట్. పక్కింటివాళ్లకు చెప్పనివి, కొన్నిసార్లు కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పనివి. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకు మన రాష్ట్రంలో యువకులు ప్రాణాలు తీసుకున్నది ఎవరూ మరచిపోలేదు. చేతిలో డబ్బు ఆడక మనిషి కుంగిపోయిన గంట ఏదో కనిపెట్టి, సరిగ్గా ఆ గంటకే అప్పు ప్రకటన చూపించగల శక్తి ఈ జాబితాకు ఉంది. దీన్ని 'ఆసక్తికి తగిన ప్రకటన' అనడం మాకు ఒప్పుదల కాదు.

పైగా వైఫై కనెక్షన్ ఒకరి పేరున ఉంటుంది, వాడేది ఇల్లంతా. తండ్రి పేరున తీసుకున్న కనెక్షన్ మీదే ఇంటర్ చదివే కూతురు పాఠాలు వింటుంది, ఏడో తరగతి పిల్లాడు ఆటలాడతాడు, నాయనమ్మ భజనలు పెట్టుకుంటుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 9వ సెక్షన్ 18 ఏళ్లలోపు పిల్లల నడవడికను వెంటాడి గమనించడాన్ని, వారికి గురిపెట్టి ప్రకటనలు వేయడాన్ని నిషేధిస్తోంది, అది అమల్లోకి రావడానికి ఇంకా గడువున్నా. తీగ వెంట వచ్చే సమాచారంలో ఏది తండ్రిది, ఏది కూతురిది అని కంపెనీ ఎలా వేరు చేస్తుంది? వేరు చేయలేకపోతే ఆ తీగ మీద కన్ను వేసే హక్కే దానికి లేదు. తండ్రి నిజంగానే సంతకం పెట్టినా ఆ సంతకం కూతురి తరఫున చెల్లదు. ఇక్కడ ఆ సంతకం కూడా లేదు.

ఈ హడావుడి ఇప్పుడే ఎందుకు? సమాధానం ఆ చట్టంలోనే ఉంది. దాన్ని పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించింది. నియమాలు రావడానికి రెండేళ్లు దాటింది. 2025 నవంబరులో నోటిఫై చేశారు. వాటిలోనూ కంపెనీల మీద అసలు బాధ్యతలు పెట్టే భాగం అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే దాకా అది కాగితం మీదే ఉంటుంది. అప్పటిదాకా దిక్కు 2011 నాటి ఐటీ నియమాలు. అందులో సున్నితమైన సమాచారం అంటూ పాస్‌వర్డ్‌లు, బ్యాంకు వివరాలు, ఆరోగ్య రికార్డుల వంటివి ఉన్నాయి. ఏ సైట్లు చూశారన్న జాబితా అందులో లేదు.

కొత్త చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఒప్పుదల స్వేచ్ఛగా, తెలిసి, ఫలానా పనికే అని, షరతుల్లేకుండా, స్పష్టమైన చర్యతో ఇవ్వాలి. అడిగే కాగితాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలి. అంటే తెలుగులో ఉండాలి. ఒప్పుకోవడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలిక కావాలి. దేవరకొండ మాస్టారు నొక్కిన లింకు ఈ మూడింటిలో ఒక్కదానికీ నిలవదు.

కానీ అదే చట్టం 5వ సెక్షన్‌లో ఒక చిన్న సందు ఉంది. చట్టం అమల్లోకి రాకముందే ఒప్పుదల ఇచ్చిన వారికి కంపెనీ తర్వాత వీలైనంత త్వరగా నోటీసు పంపితే చాలు. వారు ఒప్పుదల వెనక్కి తీసుకునేదాకా సమాచారం వాడుకుంటూనే ఉండవచ్చు. పాత చందాదారులను మళ్లీ ఒక్కొక్కరినీ అడగాల్సిన పని లేదు. ఇప్పుడు ఆ ఎస్సెమ్మెస్‌ను మళ్లీ చదవండి. ఇవాళ నోరు మెదపని వారందరినీ 'ఒప్పుకున్నవారు' అని రాసి పెట్టుకుంటే, 2027లో తలుపు మూసేలోగా లోపలికి వచ్చి కూర్చున్నట్టే. నోరు మెదపకపోవడాన్ని ఒప్పుదల అనడం చెల్లదని కోర్టులో వాదించవచ్చు, తప్పకుండా వాదించాలి. కానీ ఆ వాదన ఎవరు చేస్తారు? నెలకు నాలుగైదు వందల బిల్లు కట్టే మిర్యాలగూడ మిల్లు గుమాస్తా సుప్రీంకోర్టు దాకా పోతాడా? ఎవరూ పోరన్న ధీమాతోనే ఈ ఎస్సెమ్మెస్ పంపారు. అడగకుండా తీసుకున్న ఒప్పుదల ఒకసారి చెల్లిందంటే ఇక అదే ఆనవాయితీ అవుతుంది. రేపు కరెంటు మీటరు, ఎల్లుండి గ్యాస్ బుకింగ్, ఆ తర్వాత డయాగ్నస్టిక్ ల్యాబ్ అదే దారి పడతాయి.

దీనికి వేరే దేశాల్లో చరిత్ర ఉంది. బ్రిటన్‌లో 2006, 2007లలో బీటీ కంపెనీ ఫోర్మ్ అనే సంస్థ సాంకేతికతతో వేలాది చందాదారుల బ్రౌజింగ్‌ను వారికి చెప్పకుండానే పరీక్షకు వాడింది. సంగతి బయటపడ్డాక జనం తిరగబడ్డారు. 2009లో యూరోపియన్ కమిషన్ బ్రిటన్ ప్రభుత్వం మీదే చర్య మొదలుపెట్టింది. ఆ ఏడాదే బీటీ పథకాన్ని పక్కన పెట్టింది. అమెరికాలో ముందుగా ఒప్పుదల అడిగి తీరాలని 2016లో నియమం చేశారు. అమల్లోకి పూర్తిగా రాకముందే 2017లో అక్కడి కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది. బ్రిటన్‌లో జనం గొంతెత్తారు కాబట్టి కంపెనీ వెనక్కి తగ్గింది. అమెరికాలో కంపెనీల మాట నెగ్గింది. మన దగ్గర ఏం జరగాలో ఈ పదిహేను రోజుల్లో తేలాలి.

కంపెనీలు అనేదేమిటంటే, పేర్లు తీసేసిన సమాచారమే వాడతామని, గూగుల్, ఫేస్‌బుక్ ఎప్పటి నుంచో ఇదే చేస్తున్నాయని, ప్రకటనల ఆదాయం వల్లే నెట్ చౌకగా ఇవ్వగలుగుతున్నామని. గూగుల్ నచ్చకపోతే ఇంకో సైట్‌కు పోవచ్చు. ఊళ్లోకి వచ్చే తీగ ఒక్కటే అయితే ఎక్కడికి పోవాలి? అచ్చంపేట అవతల తండాల్లో రెండో తీగ ఎక్కడుంది? గూగుల్‌కు మనం నెల బిల్లు కట్టడం లేదు. ఈ కంపెనీలకు బిల్లు కడుతున్నాం, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా కడుతున్నాం. సరుకుకు డబ్బు తీసుకున్నాక కొన్నవాడినే సరుకు చేసి అమ్ముతామనడం ఏ బజారులోనూ చెల్లదు. పేరు తీసేశామన్న మాట మమ్మల్ని నమ్మించడం లేదు. దేవరకొండలో ఒక వీధి, ఆ వీధిలో ఒక ఇల్లు, ఆ ఇంట్లో రోజూ రాత్రి డయాలసిస్ గురించి చదివేవారు అని చెప్పాక పేరుతో పనేముంది?

టెలికం వినియోగదారుల సమాచారానికి యజమానులు వినియోగదారులేనని, కంపెనీలు దాన్ని కాపాడే ధర్మకర్తలు మాత్రమేనని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 జులైలోనే సిఫారసు చేసింది. దానికి దాదాపు ఏడాది ముందు, 2017 ఆగస్టు 24న, తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఇన్నేళ్లకు మన చేతికి అందింది ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్.

ఈ జిల్లాలకు ఇంకో కారణం చేత కూడా ఇది దగ్గరి విషయం. కంటికి కనిపించని విషం ఎలా పని చేస్తుందో మర్రిగూడ, మునుగోడు పల్లెలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన రోజు ఏమీ కాలేదు. గ్లాసులో నీళ్లు తేటగానే ఉన్నాయి. ఏళ్లు గడిచాక ఎముకలు వంగాయి, పిల్లల పళ్లు గారపట్టాయి. అప్పుడు ఎవరిని అడగాలో తెలియలేదు. ఆ పల్లెలకు కృష్ణా నీళ్లు తెచ్చిన మిషన్ భగీరథ పైపుల వెంటే, అవే కందకాల్లో రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ కేబుల్ వేశారు. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మొదలైన గ్రామాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. అది ప్రజల డబ్బుతో వేసిన తీగ. దాని మీద ఎవరు నెట్ ఇచ్చినా చందాదారు బ్రౌజింగ్‌ను ప్రకటనలకు వాడకూడదని ఒప్పందంలో ఒక్క వాక్యం రాయడానికి రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ అనుమతి కోసం చూడాల్సిన పని లేదు. ఈ నెలలోనే రాయవచ్చు. ఎందుకు రాయరు?

ఫోన్ ట్యాపింగ్ కేసు 2024 మార్చి నుంచి ఈ రాష్ట్ర రాజకీయాన్ని కుదిపేస్తోంది. అధికార పక్షం, ప్రతిపక్షం, కేంద్రంలో ఉన్న పార్టీ, అందరూ గోప్యత గురించి గొంతు చించుకుంటున్నారు. నాయకుల ఫోన్లు విన్నారన్నది తీవ్రమైన ఆరోపణ. నిజం తేలాలి, దోషులకు శిక్ష పడాలి. కానీ ఆ నాయకులను ఒకటి అడుగుతున్నాం. మీ ఫోన్ వింటే అది ప్రజాస్వామ్యం మీద దాడి. మీకు ఓటేసిన లక్షల ఇళ్లలో ఎవరు ఏం చదువుతున్నారో లెక్కగట్టి అమ్ముకుంటామని కంపెనీ ఎస్సెమ్మెస్ పెడితే అది వ్యాపారమా? ఈ నాలుగు రోజుల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రజాప్రతినిధుల్లో ఒక్కరూ దీని మీద నోరు విప్పలేదు. కొందరికి మేమే ఫోన్ చేసి అడిగాం. 'చూసి చెప్తాం' అన్నారు. మీ గోప్యతకు ఒక కొలత, మా పాఠకుల గోప్యతకు ఇంకో కొలత ఉంటే, ట్యాపింగ్ మీద మీరు చూపిస్తున్న ఆ కోపాన్ని నిజమని ఎలా నమ్మాలి?

కంపెనీకి చెప్పేది సూటిగానే ఉంది. ఆ ఎస్సెమ్మెస్‌ను వెనక్కి తీసుకోండి. నిజంగా అడగాలనుకుంటే తెలుగులో, ఒక్క పేజీలో, ఏం తీసుకుంటారో, ఎవరికి ఇస్తారో, ఎన్నాళ్లు దాచుకుంటారో రాసి బిల్లుతో పాటు ఇంటికి పంపండి. సంతకం పెట్టినవారిదే తీసుకోండి, పిల్లలున్న ఇంటి జోలికి పోకండి, పెట్టనివారికి స్పీడు తగ్గించకండి. కేబుల్ ఆపరేటర్లు తమ దగ్గర పెట్టుకున్న పాస్‌వర్డ్‌లను ఈ వారంలోనే చందాదారులకు అప్పగించాలి. దేవరకొండ మాస్టారికి ఇంకా పదకొండు రోజులు గడువుంది. ఆయన ఇప్పటికి మూడుసార్లు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి 'వద్దు' అన్నారు. ఆ మాట మీ రికార్డుల్లో ఎక్కడ రాసుకున్నారో ఆయనకు చూపించండి.