పనికి పనికొస్తాం, పర్మనెంటుకు పనికిరాం

ఇప్పుడే ఫోను పెట్టేశాను. కోపం తగ్గాక రాద్దామనుకుంటే ఇది ఎప్పటికీ రాయలేను, అందుకని ఇప్పుడే రాస్తున్నాను. వాక్యాలు అటూ ఇటూ అయితే మన్నించండి.

నా స్నేహితురాలు ఒక ప్రభుత్వ నీటి పరీక్షా ప్రయోగశాలలో తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఏ దేశమో, ఏ ఊరో చెప్పను. ఎందుకంటే ఆమె కాంట్రాక్టును ఏటా పొడిగించాల్సింది ఆ ప్రయోగశాల వాళ్ళే. ఆ ఊళ్ళో కుళాయి నీళ్ళు తాగవచ్చో లేదో తేల్చే నలుగురైదుగురిలో ఆమె ఒకరు. క్లోరిన్ ఎంత ఉంది, సీసం హద్దు దాటిందా, బాక్టీరియా జాడ ఏమైనా ఉందా అన్నీ చూసి ఆమె సంతకం పెడితేనే ఆ రోజు నివేదిక కదులుతుంది. అదే గదిలో, అదే బల్ల ముందు, ఆమె చేస్తున్న అదే పనికి ఈ నెల ఒక శాశ్వత ఉద్యోగం పడింది. నిన్న రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి దరఖాస్తు తెరిచింది. మొదటి ప్రశ్న చదువు గురించి కాదు, అనుభవం గురించి కాదు. "మీరు ఈ దేశ పౌరులా?" కాదు అని నొక్కింది. రెండో పేజీ తెరుచుకోలేదు. "మీరు అర్హులు కారు. మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని ఒక వాక్యం కనిపించింది, అంతే.

తొమ్మిదేళ్ళ పనికి వాళ్ళు పెట్టిన పేరు "ఆసక్తి".

ఇంతటితో ఆగితే నేను లోలోపల తిట్టుకుని ఊరుకునేదాన్నేమో. కానీ ఈ ఉదయం ఏమైందో వినండి. ఆ ప్రయోగశాలలో రెండేళ్ళ కిందట చేరిన ఒక కుర్రాడున్నాడు. నమూనా సీసా ఎలా పట్టుకోవాలో మొదలుకొని ప్రతిదీ అతనికి నేర్పింది ఈమే. అతను పౌరుడు. ఆ ఉద్యోగానికే దరఖాస్తు పెడుతూ, తన అనుభవం గురించి రాసిన పేరా ఒకసారి చూసి పెట్టమని ఈమెను అడిగాడు. ఈమె చూసి పెట్టింది. తప్పులు దిద్దింది. రాయడం మరిచిపోయిన రెండు పరీక్షల పేర్లు కూడా చేర్చింది. ఆ మాట ఫోనులో నాకు మామూలు గొంతుతోనే చెప్పింది, నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కుర్రాడి మీద నాకు ఏ కోపమూ లేదు, మంచివాడేనని ఆమే చెప్పింది. నా కోపమంతా ఆ మొదటి ప్రశ్న మీదే.

దేశభద్రత అంటారు. సైన్యంలో, గూఢచారి శాఖలో, న్యాయమూర్తి పీఠం మీద పౌరులే ఉండాలంటే ఒప్పుకుంటాను, అందులో నాకు పేచీ లేదు. కానీ ఊరందరూ తాగే నీళ్ళను తొమ్మిదేళ్ళుగా ఆమె చేతిలో పెట్టారు. ఆమెను నమ్మకూడదని నిజంగా అనుకుంటే మొదటి రోజే ఆ తలుపు మూయాలి కదా! తాళాలు చేతికిచ్చి, నివేదిక మీద సంతకం చేయించుకుని, ఇంక్రిమెంటు, పింఛను, పర్మనెంటు అనే మాటలు రాగానే భద్రత గుర్తుకొస్తోందంటే, అది భద్రత గురించిన నిబంధన కాదు. చవకగా దొరికే చేతుల్ని చవకగానే ఉంచుకోవడానికి పెట్టుకున్న కంచె.

ఇది ఒక్క దేశం కథ కాదు, ఈనాటి కథా కాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటున్న అయిదుగురు చైనా వలసదారులు, శాశ్వత నివాసం ఉన్నవాళ్ళే, ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాల కోసం కోర్టుకెక్కారు. వాళ్ళు అడిగినవి అణు రహస్యాలు కాపాడే ఉద్యోగాలు కావు. గదులు ఊడ్చే పని, ఫైళ్ళు సర్దే పని, టైపు చేసే పని లాంటివి. వాళ్ళలో ఒకాయన పరీక్ష పాసై తపాలా శాఖలో చేరి, పది రోజులు బాగానే పనిచేశాక, పౌరుడు కాదని తెలిసి తీసేశారు. తపాలా పనికి పది రోజులు పనికొచ్చిన మనిషి పదకొండో రోజు ఎందుకు పనికిరాకుండా పోయాడో నాకు ఎవరైనా చెప్పండి. మౌ సన్ వాంగ్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1976 జూన్‌లో సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. ఫెడరల్ నియామకాలు చూసే సివిల్ సర్వీస్ కమిషన్‌కు ఇలా తనంతట తాను నిషేధం పెట్టే అధికారం లేదంది. గెలిచారు కదా అనుకుంటాం. అదే ఏడాది సెప్టెంబరులో అధ్యక్షుడు ఫోర్డ్ 11935 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టి అదే నిషేధాన్ని మళ్ళీ తెచ్చారు. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి గెలిచింది మూడు నెలల్లో కాగితంగా మిగిలింది. ఆ ఉత్తర్వు ఇప్పటికీ అమల్లో ఉంది.

పంతుళ్ళ సంగతి చూడండి. 1979లో అదే సుప్రీంకోర్టు, న్యూయార్క్ ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెప్పడానికి పౌరులూ, పౌరసత్వం కోరుకుంటామని చెప్పినవాళ్ళూ మాత్రమే అర్హులంటే తప్పు లేదని అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలిచి తేల్చింది. పిల్లలకు పౌర విలువలు నేర్పాలి కనుక అని కారణం చెప్పింది. ఆ నియమం ప్రైవేటు బడులకు వర్తించలేదు! అదే ఊళ్ళో, అదే వయసు పిల్లలకు, అదే లెక్కల పాఠం అదే టీచరు ఫీజు కట్టించుకునే బడిలో చెప్పవచ్చన్నారు. ప్రభుత్వం జీతమిచ్చే బడిలో చెప్పకూడదన్నారు. మరి పౌర విలువలు ఏ గోడ దగ్గర ఆగిపోయాయి?

ఐరోపా నయం కదా అంటారు కొందరు. అక్కడ బెల్జియం చేసిన వాదన వినండి. రైల్వేలో పట్టాలు వేసేవాళ్ళు, ఆఫీసులు తుడిచేవాళ్ళు, బ్రస్సెల్స్ నగరపాలక సంస్థలో నర్సులు, ప్లంబర్లు, వడ్రంగులు, తోటమాలులు, ఈ ఉద్యోగాలన్నీ ప్రభుత్వ సేవే కనుక బెల్జియం పౌరులకే ఉండాలని ఐరోపా న్యాయస్థానం ముందు నిలబడి వాదించింది. తోటకు నీళ్ళు పోయడానికి కూడా దేశభక్తి ధ్రువపత్రం కావాలన్నమాట. 1980లో మొదటి తీర్పు, 1982లో తుది తీర్పు వచ్చాయి. రాజ్యాధికారంలో నేరుగానో పరోక్షంగానో పాలు పంచుకునే కొలువుల్నే పౌరులకు అట్టిపెట్టుకోవచ్చు, మిగతావి తెరవాల్సిందేనని చెప్పాయి. మంచి తీర్పే, కాదనను. అయితే ఆ తలుపు తెరుచుకుంది ఎవరికి? ఐరోపా కూటమిలోని దేశాల పౌరులకు. పక్క దేశం నుంచి నిన్న వచ్చినవాడికి దారి దొరికింది. పదిహేనేళ్ళుగా పన్ను కడుతున్న మనలాంటివాళ్ళు చాలా చోట్ల ఇంకా గుమ్మం బయటే ఉన్నారు.

అన్నింటికంటే నన్ను కుదిపింది ఫ్రాన్స్ రైల్వేలో పనిచేసిన మొరాకో కార్మికుల కథ. 1970ల్లో ఫ్రాన్స్ రైల్వే సంస్థ ఎస్‌ఎన్‌సీఎఫ్‌కు మనుషులు చాలలేదు. మొరాకోకు వెళ్ళి యువకులను ఎంచుకుని తెచ్చుకుంది. పట్టాలు వేయించింది, పెట్టెలు కలిపించింది. పక్కన నిలబడి అదే పని చేసే ఫ్రెంచి కార్మికుడికి రైల్వే వారి ప్రత్యేక హోదా, ముందే పదవీ విరమణ, మంచి పింఛను. వీళ్ళకు కాంట్రాక్టు. ఆ హోదాకు అడ్డుపడ్డ షరతుల్లో జాతీయత ఒకటి. నడుములు వంగిపోయాక, జుట్టు నెరిశాక, ఎనిమిది వందల మందికి పైగా కోర్టుకు వెళ్ళారు. 2018 జనవరిలో పారిస్ అప్పీలు కోర్టు వివక్ష జరిగిందని చెప్పింది. నలభై ఏళ్ళ తరవాత! అప్పటికి తాతలయ్యారు. ఆ దేశంలో వాళ్ళను జనం పిలిచే పేరు "షిబానీలు", అంటే నెరిసిన జుట్టువాళ్ళు అని అర్థం. నా స్నేహితురాలికి ఇప్పుడు నలభై రెండు. ఆమెకు న్యాయం ఏ వయసులో జరుగుతుంది?

"మరి పౌరసత్వం తీసుకోవచ్చు కదా" అంటారు. ఎంత తేలిగ్గా అంటారో! చాలా దేశాల్లో పౌరసత్వం దరఖాస్తు చూసేటప్పుడు ఆదాయం నిలకడగా ఉందా, ఉద్యోగం స్థిరమైనదా అని చూస్తారు. ఫ్రాన్స్‌లో అది పెద్ద అంశం. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉన్న మనిషి ఆ ప్రశ్నకు ఏమని జవాబు రాయాలి? శాశ్వత ఉద్యోగానికి పౌరసత్వం కావాలి, పౌరసత్వానికి శాశ్వత ఉద్యోగం ఉంటే మంచిది. పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు అని మన పెద్దలు అన్నది ఇలాంటి చోటే.

ఇంకో మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం మరో దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. తరవాత భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఇస్తారు. దానితో వచ్చి పోవచ్చు, ఉండవచ్చు, కానీ ఓటు లేదు, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశమూ లేదు. అంటే అక్కడ ఉద్యోగానికి తలుపు తట్టాలంటే ఇక్కడి తలుపు మనమే మూసుకోవాలి. పాస్‌పోర్టు వెనక్కి ఇవ్వడం కాగితం పని కాదు. ఇంటి దగ్గర వృద్ధురాలైన తల్లి ఉన్న మనిషికి ఆ సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఆడదు.

ఇక్కడే నాకు పాత గాయం ఒకటి రేగింది, చెప్పేస్తాను. నాలుగేళ్ళ కిందట ఒక పెద్దాయన దగ్గర ఇదే విషయం ఎత్తాను. ఎప్పుడో వచ్చి, ఎప్పుడో పౌరుడై, ప్రభుత్వ శాఖలోనే పదవీ విరమణ చేసిన మనిషి. "ఓపిక పట్టాలమ్మా, మేమూ పట్టాం. రూలు రూలే" అన్నారు. అందరి ముందూ అన్నారు, నలుగురూ తలూపారు. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు చెప్పలేని జవాబు ఇప్పుడు చెబుతున్నాను. బాబాయిగారూ, మీరు పట్టిన ఓపికా మా వాళ్ళు పడుతున్న ఓపికా ఒకటి కాదు. మా చెల్లెలు అమెరికాలో ఉంది. అక్కడ ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, ఏ ఒక్క దేశానికీ సాధారణంగా 7 శాతం మించకూడదని చట్టం. చిన్న దేశమైనా అంతే, భారతదేశమైనా అంతే. పదేళ్ళు దాటినా చెల్లెలి వంతు రాలేదు. వచ్చాక ఇంకో అయిదేళ్ళు ఆగితేగానీ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టలేదు. ఆ తరవాతే ఫెడరల్ ఉద్యోగం మాట. అప్పటికి ఆమె పదవీ విరమణ వయసుకు దగ్గరవుతుంది. ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళు ఇవతలి ఒడ్డున నిలబడ్డవాళ్ళకు ఓపిక గురించి చెప్పకూడదు.

దారి లేక కాదు, ఉన్నచోట ఉంది. బ్రిటన్‌లో ఆ దేశ పౌరులకే అట్టిపెట్టిన కొలువులు తప్ప మిగతా సివిల్ సర్వీసు ఉద్యోగాలకు భారతీయులతో సహా కామన్వెల్త్ పౌరులు పోటీపడవచ్చు. కెనడాలో 2021లో చట్టం మార్చి, ఫెడరల్ ఉద్యోగాల నియామకంలో పౌరులకిచ్చే ప్రాధాన్యాన్నే శాశ్వత నివాసులకూ ఇచ్చారు. రెండు దేశాలూ కూలిపోలేదు. "మన దేశంలో విదేశీయులకు ఇస్తారా" అని అడగబోయేవాళ్ళు మన సివిల్ సర్వీసెస్ నోటిఫికేషన్ ఒకసారి శ్రద్ధగా చదవండి. ఐఏఎస్, ఐపీఎస్‌లకు పౌరసత్వం తప్పనిసరి. కానీ మరికొన్ని సర్వీసులకు నేపాల్, భూటాన్ ప్రజలూ, 1962 జనవరి 1కి ముందు వచ్చి స్థిరపడిన టిబెట్ శరణార్థులూ అర్హతా పత్రంతో పోటీ చేయవచ్చని దశాబ్దాలుగా అందులోనే రాసి ఉంది. ఏ కొలువుకు పౌరసత్వం కావాలో, ఏ కొలువుకు అక్కర్లేదో విడదీసి చెప్పడం సాధ్యమేనని మన నోటిఫికేషనే చూపిస్తోంది.

నేను అడుగుతున్నదీ అంతే. కొలువు చూసి షరతు పెట్టండి. తొమ్మిదేళ్ళు కాంట్రాక్టు మీద చేయించుకున్న పనికి, అదే పనికి, ఆ మనిషి దరఖాస్తును రెండో పేజీ దాకా వెళ్ళనివ్వండి. పోటీలో ఆ కుర్రాడు గెలిస్తే గెలవనివ్వండి, ఆమె నవ్వుతూ అభినందిస్తుంది, నాకు తెలుసు.

కింద ఎవరో తప్పకుండా "అంత కష్టమైతే ఎందుకు వెళ్ళారు, వెనక్కి రండి" అని రాస్తారు. రాసేముందు ఒక్కటి గుర్తుంచుకోండి. రేపు ఉదయం ఏడింటికి ఆమె మళ్ళీ ఆ ప్రయోగశాలకు వెళ్ళి, ఆ ఊరి నీళ్ళు పరీక్షించి, నివేదిక మీద సంతకం పెడుతుంది. కాంట్రాక్టు మార్చి దాకా ఉంది.