సముద్రం 21 డిగ్రీల దగ్గరే ఉంది, ఇంకేం కావాలి?

సముద్రం వేడెక్కిపోతోందని ఈమధ్య కొందరు పనిగట్టుకుని జనాన్ని భయపెడుతున్నారు. వాళ్ల లెక్కే తీసుకుందాం. ధ్రువాల దగ్గరి నీళ్లు వదిలేస్తే, 2024లో సముద్రాల పైపొర సగటు ఉష్ణోగ్రత 20.87 డిగ్రీలు. మన ఇళ్లలో ఏసీ ఆన్ చేయగానే 24 చూపించాలని 2020 నుంచి రూలు ఉంది. అంటే సముద్రం మనకన్నా మూడు డిగ్రీలు చల్లగా ఉంది. కరెంటు దుబారా చేస్తోందని కేసు పెట్టాల్సింది పోయి, వేడెక్కిందని నిందలా? అడుగుదాకా కలిపి లెక్కేస్తే సగటు నాలుగు డిగ్రీలకు అటూ ఇటూ. పెరుగు గిన్నె పెట్టుకోవచ్చు.

మామూలుకన్నా అర డిగ్రీ పెరిగిందట. మావాడికి ఒళ్లు అర డిగ్రీ వెచ్చబడితే మేం స్కూలు కూడా మాన్పించం.

కాదు, సముద్రం లెక్క వేరంటారు. పైనున్న మూడు మీటర్ల నీళ్లు చాలట, భూమ్మీది గాలంతా పట్టగల వేడిని పట్టడానికి. మనం పొగ వదిలి పోగేసిన వేడిలో నూటికి తొంభై పాళ్లు సముద్రమే మింగిందట. మంచిదేగా! బిల్లు పక్కవాడు కడుతుంటే హోటల్లో ఎవడైనా ధరలు చూస్తాడా?

క్రమశిక్షణ లేనిది మన బంగాళాఖాతమే. ఎండాకాలంలో 30 దాటేస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, మన గోదావరి తెచ్చిపోసే మంచినీళ్లు ఉప్పునీటి మీద మీగడలా తేలి, కిందున్న చల్లటి నీళ్లను పైకి రానివ్వవు. తుపాను బలపడటానికి 26.5 డిగ్రీలు చాలు. ఇక్కడ దానికి విస్తరి దాదాపు ఎప్పుడూ వేసే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కడుపునిండా తినే విశాఖ వచ్చింది. ఎయిర్‌పోర్టు పైకప్పును కూడా వదల్లేదు.

ఇంతకీ ఈ సముద్రం జ్వరం చూసే జాతీయ కేంద్రం ఎక్కడుందనుకున్నారు? హైదరాబాద్‌లో. ప్రగతినగర్ దగ్గర, చిరునామాలో 'ఓషన్ వ్యాలీ' అని కూడా రాసుకున్నారు. నీళ్ల వెచ్చదనం, రంగు ఉపగ్రహాల్లో చూసి చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకు అక్కడి నుంచే చెబుతారు. నవ్వకండి. ఈ ఏర్పాటును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. ఇలాంటి రోగికి థర్మామీటరు పెట్టేవాడు ఎంత దూరంగా ఉంటే అంత క్షేమం.

వేడెక్కిన నీళ్లు ఉబ్బుతాయి కాబట్టి సముద్రమట్టం కూడా పెరుగుతోందట. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్లు అలల్లో కలిసిపోయిన కుటుంబాలున్నాయి. అది ఒక్క ఈ ఉబ్బు వల్లేనని నేననను, తీరం కోతకు కారణాలు చాలా ఉన్నాయి. కానీ వాళ్లకు డిగ్రీలతో పనిలేదు. పోయినేడు ఇక్కడిదాకా ఉండేది, ఇప్పుడు ఇక్కడిదాకా వచ్చిందని అడుగులతో కొలిచి చూపిస్తారు. వాళ్లకు ఈ సగటు సంగతి వివరించి ధైర్యం చెప్పే పని ప్రభుత్వం నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను. ఏసీ 24లో పెట్టుకుని, హైదరాబాద్ నుంచి, ఫోన్లో.